కంపెనీ రాజ్యంలో హరి: ఒక న్యూజీలాండ్ నవల, మన గిర్మిట్ కథ
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటేటా ఈ వేదిక మీద పోతనగారిని గురించి, వేమనను గురించి, త్యాగరాజస్వామిని గురించి పెద్దలు చెబుతూనే ఉన్నారు, మనం వింటూనే ఉన్నాం. ఈసారి కార్యవర్గం వారు పిల్లల పుస్తకాలను గురించి నాలుగు మాటలు చెప్పమని మాకు అప్పగించారు. తెలుగు ఉత్సవంలో ఒక ఇంగ్లీషు నవలను గురించి మాట్లాడబోతున్నాం గనుక, ముందుగానే పెద్దల అనుమతి కోరుతున్నాం. మన ఇళ్ళలో పిల్లలు చదివేది ఇంగ్లీషు, ఆజీతో మాట్లాడేది ఫిజీ హిందీ, తెలుగు వినబడేది పెళ్ళిళ్ళలో, భజనలో, ఇదుగో ఇలాంటి సభలో. ఆ మూడు భాషల్లో దేనిలో కనిపించినా మన కథ మన కథే కదా!

ఆ నవల పేరు ‘సాల్ట్’. అంటే ఉప్పు. రాసినవారు మారిస్ గీ. 1931లో పుట్టి, ఆక్లండ్ పడమటి పక్కన హెండర్సన్‌లో పెరిగి, 2025లో కన్నుమూసిన ఈ దేశపు పెద్ద రచయిత. పెద్దలకోసం ఎన్ని నవలలు రాశారో, పిల్లలకోసమూ అంత శ్రద్ధతోనే రాశారు. ఆయన 1979లో రాసిన ‘అండర్ ద మౌంటెన్’ను ఈ సభలో చాలామంది పిల్లలు ఎరిగే ఉంటారు. అందులో ఎర్రజుట్టు కవలలు, రేచెల్, థియో, ఒకరి మనసుతో ఒకరు మాట్లాడుకుంటారు. మనం ఆదివారాలు షికారు వెళ్ళే పుపుకే సరస్సు, రోజూ దూరంగా కనిపించే రంగిటోటో కొండ, వాటి అడుగున దాగిన భయంకర జీవులు, అదీ ఆ కథ. 1981లో టెలివిజన్‌లో వచ్చింది, 2009లో సినిమాగా వచ్చింది. అది చదివిన పిల్లలకు రంగిటోటోను చూస్తే ఇప్పటికీ వీపు మీద చీమలు పాకినట్లుంటుంది.

‘సాల్ట్’ 2007లో వచ్చింది. మరుసటి సంవత్సరమే న్యూజీలాండ్ పోస్ట్ వారి బహుమతి యువ పాఠకుల విభాగంలో దానికి దక్కింది. తరువాత ‘గూల్’, ‘ద లింపింగ్ మ్యాన్’ అని ఇంకో రెండు భాగాలు వచ్చాయి. ఇందులో ఊరూ పేరూ ఉన్న దేశమేదీ లేదు. కల్పిత లోకం. ఆ లోకాన్ని ఏలేది రాజు కాదు, ‘కంపెనీ’. ఊరి మధ్య బ్లడ్ బరో అని ఒక వాడ. మన మాటలో నెత్తుటి బొరియ అనవచ్చు. ఆ బొరియలో ఎలుకల మధ్య, కుక్కల మధ్య పెరిగిన కుర్రవాడు కథానాయకుడు. వాడి పేరేమిటనుకున్నారు? హరి!

కథలో భారతదేశం ఊసే లేదు. అయినా ఆ పేరు వినగానే మా శనివారపు తరగతి పిల్లలు నిటారుగా కూర్చున్నారు. మనవాడే అని వాళ్ళు తేల్చేశారు. మేము కాదనలేదు.

కథ మొదలయ్యేది ఇలా. తెల్లవారకముందు కంపెనీ మనుషులు వచ్చి వాడను చుట్టుముడతారు. పనికి మగవాళ్ళు కావాలి. దొరికినవారిని దొరికినట్లు పట్టుకుంటారు. హరి తండ్రి టార్ల్ ఎదురు తిరుగుతాడు. దానికి శిక్షగా అతన్ని డీప్ సాల్ట్ అనే గనికి పంపుతారు. ఆ గనిలోకి వెళ్ళినవాడు తిరిగి వచ్చిన దాఖలా లేదు. అక్కడ ఏం తవ్విస్తారో బయట ఎవరికీ తెలియదు. దాక్కుని ఇదంతా చూసిన హరి తండ్రిని తెచ్చుకుంటానని ఒట్టు పెట్టుకుంటాడు. అటుపక్క కంపెనీ దొరల ఇంట్లో పుట్టిన పెర్ల్ అనే అమ్మాయి, తనకు ఇష్టంలేని పెళ్ళి తప్పించుకోవడానికి టీలీఫ్ అనే దాసిని వెంటబెట్టుకుని ఇల్లు వదిలి పారిపోతుంది. ఒకరు పాతాళంలోనుంచి, ఒకరు మేడమీదనుంచి. ఇద్దరికీ ఇప్పుడు ఇల్లు లేదు. ఇద్దరి వెనకా కంపెనీ వేటగాళ్ళు. మనం శరణార్థి అంటామే, ఆ మాటకు వీళ్ళిద్దరూ తగినవారే.

ఇక వాళ్ళ శక్తి సంగతి. హరి జంతువుల మనసుతో మాట్లాడగలడు. మీదికి దూకబోయే కుక్కను మాట లేకుండానే ఆపగలడు. పెర్ల్‌కు మనుషుల మనసులోకి వెళ్ళే విద్య అబ్బింది. నేర్పింది టీలీఫ్. ఆమె పైకి మాత్రమే దాసి.

చందమామ చదివి పెరిగిన పెద్దలు ఇక్కడ నవ్వుకుంటూ ఉంటారు. ఇందులో కొత్త ఏముంది, విక్రమార్క మహారాజు పరకాయప్రవేశం చెయ్యలేదా, చిలుక శరీరంలో ఉండిపోలేదా అని. నిజమే. కాశీమజిలీ కథలలో ఇంతకన్నా చిత్రమైన విద్యలున్నాయి. అయితే ఒక తేడా మాకు కనిపించింది. మన కథలలో విద్య గురువు అనుగ్రహం వల్లనో, అమ్మవారి వరం వల్లనో వస్తుంది, వచ్చేది కూడా తరచు రాకుమారుడికే. ఇక్కడ అది బొరియలో పుట్టిన కుర్రవాడికి వచ్చింది. ఎలుకల మధ్య బతకాలంటే ఎలుకల మనసు తెలియాలి గదా!

‘కంపెనీ’ అన్న మాట దగ్గర కొంచెం ఆగుదాం. మన తాతముత్తాతల నోట కంపెనీ అంటే ఒకటే కంపెనీ. సిడ్నీలోని కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ. 1880 ప్రాంతంలో ఫిజీలో కాలుపెట్టి, 1973 వరకూ అక్కడి చెరకుతోటలనూ మిల్లులనూ ఏలింది. 1879 మే 14న లియోనిదాస్ ఓడ కలకత్తానుంచి మొదటి కూలీలను ఫిజీకి చేర్చింది. 1916 వరకూ వచ్చినవారు 60 వేలకు పైమాట. మద్రాసు రేవునుంచి మనవాళ్ళను ఎక్కించడం 1903లో మొదలైంది. లౌటోకా మిల్లు తిరగడం మొదలుపెట్టిందీ ఆ ఏడాదే. విశాఖపట్టణం, గోదావరి, కృష్ణా, ఉత్తర ఆర్కాటు జిల్లాలనుంచి జనం కదిలారు. అయిదేళ్ళ అగ్రిమెంటు. అది నోరు తిరగక ‘గిర్మిట్’ అయింది. మగవాడికి రోజుకు ఒక షిల్లింగు, ఆడకూలికి తొమ్మిది పెన్నీలు, అదీ అప్పగించిన పని పూర్తయితేనే. కూలిలైనులో పదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు గల ఒక్క గదిలో ముగ్గురు ఒంటరి మగవాళ్ళనో, ఒక కుటుంబాన్నో ఉంచేవారు. పైన సర్దారు, ఆ పైన కులంబరు. ఆ బతుకును వాళ్ళు ‘నరక్’ అనేవారు. నరకమన్నమాట.

నవలలో కంపెనీ పట్టుకున్న కూలీల ఒంటిమీద గుర్తు వేస్తారు. ఈ ఘట్టం చదివేటప్పుడు మాకు గుర్తొచ్చింది మన వలస పాసు. ఓడ ఎక్కే ప్రతి కూలికీ ఒక పాసు రాసేవారు. అందులో పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, గ్రామం, జిల్లా, ఎత్తు, ఆ తరువాత ఒక గడి: శరీరం మీది గుర్తులు. ఎడమ మోకాలి మీద మచ్చ, నుదుట పచ్చబొట్టు, ఇలాంటివి. పారిపోతే పట్టుకోవడానికి పనికొస్తుందని కాబోలు. అయితే మనకు ఈనాడు ముత్తాత ఆనవాలు దొరికేది ఆ గడిలోనే. ఫోటో లేదు, చేవ్రాలు లేదు, ఆ మచ్చ మాత్రం ఉంది.

పోలికను మరీ సాగదీయకూడదు, అదీ చెప్పాలి. మారిస్ గీ మన గిర్మిట్ కథ రాశారని మేము అనడం లేదు. ఆయన కంపెనీకి లోకంలో చాలా కంపెనీలు పోలతాయి, ఈస్టిండియా కంపెనీ సహా. పైగా డీప్ సాల్ట్‌నుంచి ఎవరూ తిరిగి రారు. గిర్మిట్ ముగిసినవారిలో వేలమంది తిరిగి ఓడ ఎక్కి ఇండియాకు వెళ్ళారు. ఉండిపోయినవారు గజం గజం కౌలుకు తీసుకుని చెరకు వేసి, పాకలు వేసి, గుడులు కట్టి, 1926లో సంగం, 1941లో ఆంధ్ర సంఘం పెట్టుకుని, బడులు నడిపారు. అది గనిలో ముగిసిన కథ కాదు.

ఆక్లండ్ పిల్లలు ఇంకొకటి తెలుసుకోవాలి. బర్కెన్‌హెడ్ దగ్గర నీటి ఒడ్డున గులాబీరంగు భవనాలున్నాయే, చెల్సీ చక్కెర కార్ఖానా, అక్కడికి మనం కేకు తినడానికి, బాతులను చూడడానికి పిల్లలను తీసుకువెళతాం. 1884లో మొదలైన ఆ కార్ఖానా నాలుగేళ్ళకే పూర్తిగా ఈ కంపెనీ చేతిలోకి వచ్చింది. ఫిజీలో మన ముత్తాతలు నరికిన చెరకు, అక్కడి మిల్లులో ముడి చక్కెరై, ఓడలో వచ్చి ఇక్కడ తెల్లబడింది. మనకంటె ముందు మన చెమట ఈ రేవుకు చేరింది. బడినుంచి ఆ కార్ఖానా చూడడానికి వెళ్ళి వచ్చిన పిల్లలను అడిగి చూశాం. యంత్రాల సంగతి వాళ్ళకు బాగా తెలుసు. చెరకు నరికినదెవరో మాత్రం ఎవరికీ తెలియదు. ఇది పిల్లల లోపమా? వాళ్ళకు ఎవరు చెప్పారు?

నవలలో ఆ పని చేసేవాడొకడున్నాడు. లో అనే ముసలి అంధుడు. కంపెనీ రాకముందు లోకం ఎలా ఉండేదో, కంపెనీ ఎలా వచ్చిందో హరికి చెప్పేది అతనే. తండ్రిని వెతుక్కుంటూ వెళ్ళే కుర్రవాడికి కత్తి ఎంత అక్కరకొచ్చిందో ఆ ముసలివాడి మాటలూ అంతే అక్కరకొచ్చాయని మా అభిప్రాయం. మన ఇళ్ళలో లో లాంటివారు లేకపోలేదు. ఉన్నారు. మాట్లాడరు. ‘ఎందుకురా ఆ గొడవ, బాగా చదువుకో’ అంటారు. లైను బతుకు చెప్పుకోవడం నామోషీ. కులం మార్చుకున్నవారున్నారు, పేరు మారిపోయినవారున్నారు, ఓడలో కలిసినవాళ్ళను జహాజీభాయి అని తోబుట్టువులకంటె ఎక్కువగా చూసుకున్నవారున్నారు. అందులో నామోషీ ఏముందో మాకైతే అర్థం కాదు.

ఆ తరువాతి మౌనం ఇంకా దగ్గరిది. 1987 మే 14న, లియోనిదాస్ వచ్చిన దినమే, 108 ఏళ్ళ తరువాత, సువాలో సైనికులు పార్లమెంటులోకి వచ్చారు. ఆ సెప్టెంబరులో మళ్ళీ ఒకసారి. 2000 మే 19న జార్జి స్పైట్. ఆ ఏడాదే మువానివేని వైపు మనవాళ్ళ ఇళ్ళమీద పడి దోచుకుంటే, కుటుంబాలు పిల్లాపాపలతో లౌటోకా చేరి అక్కడి గిర్మిట్ కేంద్రంలో తలదాచుకున్నాయి. తాతల జ్ఞాపకార్థం పెట్టిన పేరుగల కేంద్రంలో మనుమలు శరణార్థులయ్యారు! మరోపక్క ముప్ఫయి ఏళ్ళ కౌళ్ళు 1997నుంచి ఒకటొకటిగా తీరిపోయి, పొలాలు చేయి జారాయి. 1986 జనాభా లెక్కలలో ఫిజీలో భారత సంతతివారు నూటికి 48.7. 2007 నాటికి 37.5.

మనం శరణార్థులమా అని ఒక పెద్దాయన మమ్మల్ని కొంచెం కోపంగానే అడిగారు. పాస్‌పోర్టు చేతబట్టుకుని, అర్హతలు చూపించి, విమానంలో వచ్చినవాళ్ళం, ఆ మాట మనకెందుకు అని. చట్టం ప్రకారం ఆయన చెప్పినది నిజం. మనలో చాలామంది వలస వచ్చినవారే. కాని రాత్రికి రాత్రి ఇంటికి తాళం వేసి, పశువులను పక్కింటివారికి అప్పగించి, తాళంచెవి ఇప్పటికీ బీరువాలో దాచుకున్నవారు కూడా మనలోనే ఉన్నారు. వాళ్ళను ఏ మాటతో పిలవాలో నిఘంటువు చూసి తేల్చనవసరం లేదు.

ఈ దేశానికి ఆ మాట కొత్త కాదు. 1944 నవంబరు 1న 733 మంది పోలండ్ పిల్లలు వెల్లింగ్టన్‌లో ఓడ దిగారు. పహియాటువాలో వాళ్ళను శిబిరంలో ఉంచారు. ఎక్కువమంది తల్లినో తండ్రినో, ఇద్దరినీనో పోగొట్టుకున్నవారు. 2001లో టాంపా ఓడ కాపాడినవారిలో నూటముప్ఫయి మందిని ఈ దేశం తీసుకుంది. అందులో పెద్దలెవరూ తోడులేని ఆఫ్ఘన్ కుర్రవాళ్ళున్నారు. మన పిల్లల తరగతుల్లో పక్క బల్ల మీద కూర్చునే పిల్లలలో, మాంగెరే కేంద్రం మీదుగా వచ్చినవారు ఎవరో ఒకరు ఉంటూనే ఉంటారు.

అటువంటి పిల్లవాడికి కథలో శక్తులు ఎందుకిస్తారు? జాలి చాలదా? ఇది మేము చాలాసేపు చర్చించుకున్నాం. జాలి కలిగించే పుస్తకాలు పిల్లలు ఒకసారి చదివి పక్కన పెడతారు. అందులో శరణార్థి పిల్లవాడు ఎప్పుడూ ఏడుస్తూ, ఎవరో ఒకరు రొట్టె ఇస్తే తింటూ ఉంటాడు. శక్తి ఉన్నవాడి వెంట మాత్రం చదివే పిల్లవాడు తానే పరిగెడతాడు. అయితే శక్తి సులభమైపోతే కథ చెడుతుంది. ఇందులో కూడా అక్కడక్కడ కష్టం మరీ ఎక్కువైనప్పుడు ఆ మనశ్శక్తి వచ్చి గట్టెక్కిస్తుంది. అది మాకు నచ్చలేదు. మువానివేని పిల్లలకు అటువంటి విద్య లేదు గదా.

కొందరు తల్లులు ఇంకొక మాటన్నారు. మన పిల్లలకు కూడా ఒక శక్తి ఉంది, ఆఫీసులో ఆజీకి కాగితాలు చదివి పెట్టేది, డాక్టరుగారి మాట హిందీలో చెప్పేది తొమ్మిదేళ్ళ మనుమరాలే అని. నిజమే, ముచ్చటే. కాని దాన్ని శక్తి అని పొగిడి, పిల్ల నెత్తిన పెద్దల బరువు పెట్టకండి. ఆజీ జబ్బు సంగతి ఆ పిల్ల నోట ఆజీకి చెప్పించడం మంచి పని కాదు.

మాకు ఈ నవలలో బాగా నచ్చినది ఇదీ. మరొకరి మనసులో దూరగలవాడు, ఆ మనసును వినవచ్చు, లేదా దానిమీద పెత్తనం చెయ్యవచ్చు. పెత్తనం చేస్తే వాడికీ కంపెనీకీ తేడా ఏమిటి? హరికి కంపెనీ అంటే ఒళ్ళంతా ద్వేషం. అతని లెక్కలో పెర్ల్ కూడా కంపెనీయే. ఆమె లెక్కలో అతను మురికి. ఇద్దరికీ చేతిలో అంతటి విద్య ఉండి, దానితో ఏం చెయ్యకూడదో నేర్చుకోవడమే ఆ ప్రయాణంలో సగం. గనిలో తవ్వేది ఉప్పు కాదని, ఊళ్ళకు ఊళ్ళను చంపగల విషమని తెలిసిన తరువాత ఆ పాఠం ఇంకా కష్టమవుతుంది. 1985లో రెయిన్‌బో వారియర్ ఓడను ఆక్లండ్ రేవులో ముంచిన సంగతి, 1987లో ఈ దేశం అణ్వస్త్రాలు వద్దని చట్టం చేసిన సంగతి ఎరిగినవారికి ఆ విషం ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

ద్వేషం సంగతి మనకూ సంబంధించినదే. 2023లో ఫిజీలో గిర్మిట్ దినాన్ని మొదటిసారి దేశమంతటికీ సెలవుదినం చేశారు. ఆ మే 14న, 1987లో సైన్యాన్ని నడిపించిన రబుకాగారే ప్రధానమంత్రిగా నిలబడి, జరిగినదానికి క్షమాపణ అడిగారు. మన ఇళ్ళలో ఆ రోజు కొందరు కళ్ళు తుడుచుకున్నారు, కొందరు టెలివిజన్ కట్టేశారు. రెండూ మేము చూశాం. రెండింటికీ కారణాలున్నాయి. పదమూడేళ్ళ పిల్లకు ఆ రెండో కారణం ఎవరు చెబుతారు? తాతయ్య టెలివిజన్ ఎందుకు కట్టేశాడో ఆ పిల్ల అడగలేదు, తాతయ్య చెప్పలేదు. హరి, పెర్ల్ మధ్య సంగతి చదివిన తరువాత మా తరగతిలో అదే వయసు పిల్ల ఒకతె అడిగింది: ‘మన ఇంట్లో ఎవరి మీద కోపం ఉంది?’ ఈ ప్రశ్న ఇంగ్లీషు నవల ఒకటి వచ్చి అడిగించవలసి వచ్చింది.

కొన్ని ఆచరణ విషయాలు. ‘సాల్ట్’ పసిపిల్లల పుస్తకం కాదు. నెత్తురు ఉంది, క్రూరత్వం ఉంది. పన్నెండు దాటినవారికి ఇవ్వండి, ముందుగా మీరు చదవండి. తొమ్మిది పదేళ్ళవారికి ‘అండర్ ద మౌంటెన్’ చాలు, అందులో మన ఊరే ఉంది. మూడోభాగంలో హనా అనే అమ్మాయి తల్లిని పోగొట్టుకుని బొరియలనుంచి పారిపోయి, ఒక డేగతో స్నేహం చేస్తుంది. ఆడపిల్లలకు అది బాగా పట్టింది. కాని తల్లి చనిపోయే తీరు చాలా దారుణం, పిల్ల పక్కన పెద్దలు ఉండడం మంచిది.

రెండోది. వలస పాసుల దస్త్రాలు సువాలోని జాతీయ పురావస్తు దస్త్రాలయంలో భద్రంగా ఉన్నాయి. ఓడ పేరు, సంవత్సరం, ముత్తాత పేరు తెలిస్తే వెతకడం సులభం. పేరు వెతికేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. రాసుకున్న గుమాస్తాకు తెలుగు రాదు. అప్పలస్వామి ఎన్ని రకాలుగా రాయవచ్చో అన్ని రకాలుగానూ వెతకండి. తండ్రి పేరు ఇంటి పేరై కూర్చున్న కుటుంబాలు రెండు పేర్లతోనూ వెతకాలి.

మూడోది కార్యవర్గం వారికి విన్నపం. వచ్చే సంచికలో పిల్లలకు కొన్ని పుటలు విడిచిపెట్టండి. ‘మా ఇంటి కంపెనీ కథ’ అని పిల్లలే రాస్తారు, ఏ భాషలో రాసినా సరే. ఆజీ చెబితే మనుమరాలు రాయాలి, షరతు అదొక్కటే. మచ్చ కథ ఉంటే మచ్చ, తాళంచెవి కథ ఉంటే తాళంచెవి. కావాలంటే ఒక శక్తి కూడా కల్పించుకోవచ్చు. లైనులో పుట్టిన పిల్ల కులంబరు గుర్రంతో మాట్లాడిందనుకోండి, ఎవరు కాదంటారు? గుర్రం ఏం చెప్పిందో వినాలని మాకూ ఉంది.

పుస్తకం ప్రతులు మూడు, బయట ఫలహారాల బల్ల పక్కన పెట్టాం. తీసుకువెళ్ళేవారు చీటీలో పేరు రాయండి, చట్నీ చేతులతో మాత్రం ముట్టుకోవద్దు. హరి తండ్రి టార్ల్ దొరికాడా, గనినుంచి బయటికి వచ్చాడా అని ముందు వరుసవారు ఇందాకటినుంచీ చేతులెత్తుతున్నారు. అది ఇక్కడ చెబితే పుస్తకం తీసుకువెళ్ళేవారుండరు. సెలవు.